నాలుగున్నర టీకి ఆధారాలు

"ఇది ఆధారం కాదు," అన్నాడు దశాంశం.

నెమ్మదిగానే అన్నాడు. అయినా మీటింగ్ గదిలో అందరికీ వినపడింది. గోడ మీద తెరపై మూడు రంగుల గీతలు వెలుగుతున్నాయి. ఎర్రగీత ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద బ్రెడ్డు కంపెనీది, నీలం రెండోదానిది, ఆకుపచ్చ చిన్నదానిది. రెండేళ్ళలో ధర ఏడుసార్లు పెరిగింది. ఏడుసార్లూ మూడు గీతలూ భుజాల మీద చేతులేసుకున్న స్నేహితుల్లా కలిసి మెట్టెక్కాయి.

"ఏడుసార్లండీ!" అంది కూపీ. "ఏడుసార్లూ రెండు రోజుల తేడాలోనే. ఈ ఊరు తినే బ్రెడ్డులో తొంభై శాతం ఈ ముగ్గురిదే. కూడబలుక్కోకుండా ఇలా ఎలా పెరుగుతుంది?"

"తొంభై ఒకటి పాయింట్ నాలుగు," అన్నాడు అతను. "పిండి ధర పెరిగితే ముగ్గురికీ ఒకేసారి పెరుగుతుంది కదండీ. వానొస్తే వీధిలో అందరూ ఒకేసారి గొడుగులు తెరుస్తారు. కుట్ర పన్నారని కేసు పెడతామా?"

కిసుక్కున నవ్వు వినపడింది. మూడు వారాల క్రితం చేరిన కొత్తమ్మాయి నోటికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

"భలే చెప్పావు నువ్వు!" అంది.

నువ్వు!

కూపీ చేతిలోని రిమోట్ ఒక్క క్షణం ఆగిపోయింది. తెర మీద గీతలు అలాగే ఉన్నాయి గాని ఆమెకు కనపడలేదు.

వ్యాపారులు చేతులు కలిపి జనాన్ని దోచుకోకుండా చూడటం ఆ ఆఫీసు పని. ఆమె అక్కడ కేసులు తవ్వే అధికారి. ఏ విషయమైనా కూపీ లాగందే వదలదు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. అతను ఆర్థిక విశ్లేషకుడు. నోరు తెరిస్తే పాయింటు తర్వాత ఓ అంకె లేకుండా మాట్లాడడు కనక దశాంశం. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకే బృందం. మూడేళ్ళుగా ఎదురెదురు టేబుళ్ళు. మూడేళ్ళుగా "మీరు", "ఏమండీ", "చూశారా". ఆ గీతను దాటాలని ఆమెకు ఎన్నిసార్లు అనిపించిందో లెక్క లేదు. ఆ అమ్మాయి మాత్రం గుమ్మం దాటినంత తేలిగ్గా దాటేసింది.

"ఇంకేమైనా ఉందా?" అంది బల్ల చివర కూర్చున్న పెద్దమేడం, ఆఫీసుకి అధిపతి.

"ఉంది," అంది కూపీ, కొత్తమ్మాయి వంక చూస్తూ. "ఈసారి ఆధారాలతో వస్తాను."

*

ఆ నెల నుంచి విచారణలు మొదలయ్యాయి. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా. గురువారాలు మాత్రం ఆమె ఫ్యాక్టరీల తనిఖీకి వెళ్ళేది.

ఆ మంగళవారం చిన్న బ్రెడ్డు కంపెనీ యజమాని వచ్చాడు. అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులు. ఎదురు కుర్చీలో పెద్ద కంపెనీ తరఫు కుర్ర లాయరు, నల్లకోటు నలగకుండా కూర్చుని, అవసరం లేకపోయినా కూపీ వైపు చూసి నవ్వుతున్నాడు.

"పెద్ద కంపెనీ ఆయనతో మీరెప్పుడైనా ధరల గురించి మాట్లాడారా?" అని అడిగింది కూపీ.

"అమ్మా, నా దగ్గర ఆయన ఫోన్ నంబరే లేదు."

"మరి ఏడుసార్లూ ఆయనతో పాటే ఎలా పెంచారు?"

"నెల ముందే ఆయన వ్యాపార పత్రికలో వేయిస్తాడు గదమ్మా, ఫలానా తారీఖు నుంచి మా ధర ఇంత అని. నేను చదువుతాను. రెండో ఆయనా చదువుతాడు. మర్నాడు మేమూ వేయిస్తాం. మేం వేయించలేదనుకో, ఆయన కిక్కురుమనకుండా వెనక్కి తీసుకుంటాడు."

"మీరు తగ్గించి అమ్మొచ్చు కదండీ. జనం మీ దగ్గరికే వస్తారు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒకసారి తగ్గించాను తల్లీ. తొమ్మిది రోజులు. పదో రోజు నుంచి మా దుకాణాలున్న వీధుల్లో మాత్రమే ఆయన సగం ధరకి అమ్మాడు. రెండు బట్టీలు ఆర్పుకున్నాను. అప్పుడు మా ఆవిడ అంది, నోరు మూసుకుని ఆయన వెనకాల నడవవయ్యా, ఇద్దరూ బతుకుతారు అని. అప్పట్నుంచి నడుస్తున్నాను."

"అంటే ఎవరూ ఎవరితో ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదు. అందరికీ అన్నీ తెలుసు."

ఇలాంటప్పుడే ఆమెకు ఒళ్ళు మండేది. నోటి మాటతోనో కాగితంతోనో ఒప్పందం జరిగిందని చూపిస్తే చట్టం పట్టుకుంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మౌనంగా నడిచేవాళ్ళని ఏం చెయ్యాలి?

నాలుగున్నరకి కాంటీన్‌కి వచ్చింది. బయట సన్నగా వాన. కిటికీ పక్క బల్ల దగ్గర దశాంశం, కొత్తమ్మాయి. ఇద్దరి ముందూ ఇంకా పొగలు కక్కుతున్న కప్పులు.

ఇదివరకు అతను సరిగ్గా నాలుగింటికి టీ తాగేవాడు. గడియారం అతన్ని చూసి ముల్లు సరిచేసుకుంటుందని ఆఫీసులో వేళాకోళం చేసేవారు. అలాంటిది ఇప్పుడు నాలుగున్నర!

"రండి, కూర్చోండి," అన్నాడు అతను కుర్చీ జరుపుతూ.

"మీ మాటలకి నేనెందుకు అడ్డం?" అంది ఆమె.

"అడ్డమేంటి మేడం, మీ గురించే చెప్తున్నాడు!" అంది కొత్తమ్మాయి.

"ఏమని? నా గీతలు ఆధారాలు కావనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కప్పు పట్టుకుని నిలబడే తాగేసి, నాలుక కాల్చుకుని వెళ్ళిపోయింది.

*

ఇంట్లో అమ్మ మిషను మీద పరదాలు కుడుతోంది. అదే ఆవిడ వ్యాపారం. ముందుగదంతా ఎవరిదో హోటలు కోసం కుడుతున్న ఆవపువ్వు రంగు గుడ్డ పరుచుకుని ఉంది.

"తొక్కకు! అటు గోడవారగా రా," అంది అమ్మ. "ఏమే, మొహం అలా ఉందేం?"

"నాలుక కాలింది."

"నాలుక కాలితే మొహం మాడుతుందా?"

కూపీ నేల మీద కూర్చుని పరదా కొక్కేలు డబ్బాలోంచి తీసి వరుసగా పెట్టడం మొదలుపెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆమె ఏదో ఒకటి వరుసలో పెడుతుంది.

"అమ్మా, మొన్న చేరిన అమ్మాయి మూడు వారాల్లో ఒకాయన్ని నువ్వు అనొచ్చా?"

"ఆ ఒకాయన ఎవరే? పోయినేడు వానలో నిన్ను దింపి, గుమ్మంలోనే నిలబడి, నేనెంత పిలిచినా లోపలికి రాకుండా పారిపోయాడే, ఆ తడిసిన మనిషేనా?"

"ఎవరైతే ఏం?"

"ఆయనే అన్నమాట." అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూసింది. "నీకు కావాలంటే నువ్వూ అను. ఎవరు పట్టుకున్నారు?"

"నేను ముందంటే చులకన కానూ? ఆయన అంటే అప్పుడు చూద్దాం."

"ఆయనా వాళ్ళమ్మతో ఇదే మాట అంటున్నాడేమో."

"నీకెప్పుడూ వెటకారమే!"

"కాదే. ఆ కొక్కేలు కిందికి పైకి తిరగేసి పెట్టావు. సరిచెయ్యి."

*

ఆ రాత్రి కాదు, మర్నాడు ఆఫీసులోనే మొదలుపెట్టింది ఆ జాబితా. మొదట డైరీ వెనక పేజీలో రాసుకుంది. చూసుకుంటే గజిబిజిగా ఉంది. అలవాటైన పట్టిక అయితే తేలిగ్గా ఉంటుందని బ్రెడ్డు కేసు పట్టికకే నకలు తీసి, ధరలు చెరిపేసి, అందులో నింపింది. తేదీ, మొదటి సంస్థ, రెండో సంస్థ, మధ్య తేడా.

టీ నాలుగు నుంచి నాలుగున్నరకి మారింది: ఇద్దరిదీ. ఒకే వారంలో.

టీలో పంచదార మానేశారు: ఇద్దరూ. ఒక రోజు తేడా.

గురువారం ఆఫీసులో ఉండరు. ఆయన ఇంటి నుంచి పని, ఆ అమ్మాయి సెలవు. నాలుగు గురువారాలు, తేడా లేదు.

ఏడుసార్లు కలిసి పెరిగిన బ్రెడ్డు ఇంతకన్నా బలమైన ఆధారమా? గుండెల్లో ఎవరో పిడికెడు ఇసుక పోసినట్టనిపించింది. కంప్యూటరు మూసేసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ తెరిచి, నాలుగో వరుస కోసం చూసింది.

నాలుగో వరుస సోమవారం దానంతటదే వచ్చింది. ఓడరేవు ఊరి శాఖలో రెండు ఖాళీలున్నాయని నోటీసు అంటించారు. కోరుకున్నవాళ్ళు గురువారంలోగా దరఖాస్తు ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి జాబితా పై ఆఫీసుకి వెళ్తుంది. కొత్తమ్మాయి మొదటిరోజే ఫారం తీసుకుంది. మర్నాడు దశాంశం టేబుల్ మీద కూడా ఫారం కనపడింది.

"వెళ్తున్నారా?" అంది కూపీ.

"ఇంకా నింపలేదు." అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "మీరేమంటారు?"

వెళ్ళొద్దు అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే కొత్తమ్మాయి అటుగా వెళ్తూ, "నింపేశావా లేదా? మళ్ళీ చివర్లో హడావుడి పడతావు!" అంది.

"నేనేమంటాను?" అంది కూపీ. "మంచి అవకాశం. తోడు కూడా ఉంది. హాయిగా వెళ్ళండి."

అతను ఆమెవైపు కాసేపు చూశాడు. ఏదో అడగబోయి మానేసి, ఫారం దగ్గరికి లాక్కుని మొదటి గడిలో తన పేరు రాశాడు.

బుధవారం ఆమె బ్రెడ్డు కేసు నివేదిక ముగించి, పట్టికలన్నీ చివర జోడించి, గురువారం తనిఖీకి పోయేముందు పెద్దమేడంకి పంపేసింది.

*

శుక్రవారం పొద్దున్నే పిలుపొచ్చింది.

పెద్దమేడం టేబుల్ మీద నివేదిక తెరిచి ఉంది. "కూర్చో అమ్మా. బాగా రాశావు. ఒప్పందం ఉందని కాకుండా, నెల ముందు ప్రకటనలు ఆపాలని రాయడం నాకు నచ్చింది. ఆ ప్రకటన లేకపోతే ఒకడు పెంచేముందు పక్కవాడి నాడి చూసుకోలేడు. చీకట్లో అడుగెయ్యాలి. అప్పుడు భయపడి తగ్గిస్తారు."

"థాంక్స్ మేడం."

"ఒకటే సందేహం. ఐదో పట్టికలో ఈ బ్రెడ్డు కంపెనీలు టీలో పంచదార ఎందుకు మానేశాయి?"

కూపీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పేజీ లాక్కోబోయింది. నాలుగు పట్టికలు పంపాల్సింది ఐదు పంపింది!

"మేడం... అది... పొరపాటున..."

"గురువారాలు ఫ్యాక్టరీలు మూసేస్తారా?" పెద్దమేడం మొహంలో నవ్వు లేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. "సంస్థలు ఎవరో నేను అడగను. ఆఫీసంతా చెప్పగలదు. కాని ఇంత మంచి అధికారివి, ఇదేం దర్యాప్తు? ఇద్దరు ఒకేలా ప్రవర్తిస్తే మనం మొట్టమొదట ఏం అడగాలి?"

"ఇద్దర్నీ కదిపిన మూడో కారణం ఏమైనా ఉందా అని," అంది కూపీ, పరీక్షలో తప్పిన పిల్లలా.

"నాలుగున్నరకి ఆ పిల్ల టీకి ఎందుకొస్తోంది? పాత బిల్లుల స్కాన్లు నాలుగున్నరకల్లా తన టేబుల్ మీద ఉండాలని హుకుం జారీ చేసిందెవరు?"

కూపీ తల వంచి పట్టికలో మొదటి వరుస మళ్ళీ చదివింది.

"ఆదివారం వచ్చి పని చెయ్యి, బదులు గురువారం సెలవు తీసుకో, నేనెలాగూ ఉండను అన్నదెవరు? పోయిన నెల కాంటీన్‌లో పంచదార విషం అని అరగంట ఉపన్యాసం ఇచ్చిందెవరు? నేనూ మానేశాను తల్లీ. నన్ను కూడా పట్టికలో చేర్చు."

"మరి... ఓడరేవు ఊరికి?"

"ఆ పిల్లకి పెళ్ళి కుదిరి ఆర్నెల్లయింది. వరుడు అక్కడ రేవులోనే పని చేస్తాడు. ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. నువ్వు అందర్నీ అన్నీ అడుగుతావు, ఆ పిల్లని మాత్రం పని తప్ప ఒక్క మాట అడగలేదు." పెద్దమేడం నివేదికలోంచి ఐదో పట్టిక చింపి ఆమె చేతిలో పెట్టింది. "ఆ రెండో సంస్థ ఎందుకు అప్లై చేసిందో మాత్రం నాకు తెలీదు. నిన్న సాయంత్రం పనిగట్టుకుని ఇంటి నుంచి వచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఐదింటికి పంపించేస్తాను."

*

విచారణలు ముగిసి ఖాళీగానే ఉన్నా, ఎలా అడగాలో తేల్చుకునేసరికి సాయంత్రం నాలుగైంది. దశాంశం రికార్డుల గదిలో ఉన్నాడు. బ్రెడ్డు బిల్లుల కట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఏదో లెక్క వేసుకుంటున్నాడు. పైన కిటికీ అద్దం మీద వాన చినుకులు టపటపమంటున్నాయి.

"ఎందుకు అప్లై చేశారు?" అంది ఆమె గుమ్మంలోనే.

"మీరే వెళ్ళమన్నారు."

"నేనంటే వెళ్ళిపోతారా? కేసులో నేనేదంటే అది కాదంటారుగా!"

"కేసులో కాదనొచ్చు." అతను కాగితం పక్కన పెట్టాడు. "మిమ్మల్ని ఎప్పుడూ ఒకటి అడగాలనుకున్నాను. ఆ నల్లకోటు లాయరు రోజూ విచారణ అయిపోయాక మీతో మెట్ల దాకా ఎందుకొస్తాడు?"

"వాడా? వాయిదాలు అడగడానికి!"

"ఎనిమిదిసార్లు వచ్చాడు. ఎనిమిదిసార్లూ నవ్వుతూ వచ్చాడు."

"మీరు లెక్కపెట్టారా?"

"కిటికీ పక్క బల్ల నుంచి మెట్లు కనపడతాయి," అన్నాడు అతను చెవులు ఎర్రబడుతుండగా. "నాలుగింటికి కూర్చుంటే మీరు కనపడరు. అప్పటికి మీరు బయటికి రారు."

ఆమె చేతిలో మడతపెట్టిన పట్టిక తడిసిపోతోంది. అరచేతులకి అంత చెమట.

"మరి గురువారాలు?"

"మీరు లేని రోజు ఎదురు టేబుల్ చూస్తూ పని చెయ్యలేను. ఇంట్లోంచి చేస్తే కనీసం తప్పులు తక్కువ. రెండు పాయింట్ మూడు శాతం."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె కట్టల మీదే కూలబడింది.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట ఎందుకు అనలేదండీ?"

"అన్నాను," అన్నాడు అతను. "పోయినేడు మిమ్మల్ని వానలో ఇంటికి దింపిన మర్నాడు. 'నువ్వు నిన్న బాగా తడిశావు, జ్వరం రాలేదుగా' అని అడిగాను. మీరు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని, 'నాకేం కాలేదు, మీ రిపోర్టు ఎప్పుడిస్తారు' అన్నారు. ఆ తర్వాత రెండు వారాలు నాతో అవసరమైనవి తప్ప మాట్లాడలేదు. నేను కూడా బట్టీలు ఆర్పేసుకున్నాను."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు ఆ "నువ్వు" విని సంతోషంతో మొహమంతా మండిపోయి, దాచుకోడానికి ఫైలు ఎత్తింది. తర్వాత రెండు వారాలు అతను మళ్ళీ అంటాడేమోనని వింటూ కూర్చుంది. అతను అనలేదు. అతను అనలేదని ఆమే బిగుసుకుంది.

గోడ గడియారంలో నాలుగుంబావు. ఇప్పుడు ఊరుకుంటే ఇద్దరికీ ఏ నష్టమూ లేదు. రోజులు ఎప్పటిలాగే గడుస్తాయి, కాకపోతే ఎదురు టేబుల్ ఖాళీగా.

"వెళ్ళకు," అంది.

వాన చప్పుడులో వినపడిందో లేదో తెలియలేదు. లేచి దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు వెళ్ళకు. నువ్వు నా గురించి ఏమనుకుంటున్నావో నాకింకా తెలీదు. నువ్వు చెప్పేదాకా ఆగుదామని మూడేళ్ళు ఆగాను, ఇంక ఆగను. నువ్వంటే నాకిష్టం. అందుకే ఆ అమ్మాయి నిన్ను నువ్వు అన్నప్పుడల్లా నాకు ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. చులకన చేసుకుంటే చేసుకో."

అతను నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడింది. ఏదో చెప్పబోయాడు, మాట రాలేదు.

"ఏంటి, అంకెలు అయిపోయాయా?" అంది ఆమె.

"అయిపోయాయి," అన్నాడు. "నాకూ నువ్వంటే ఇష్టం. ఎంతంటే... చెప్పడం చేతకాదు నాకు."

ఆమె చెయ్యి పట్టుకోబోయి, అందులో కాగితం ఉండటం చూసి, "ఇదేంటి?" అన్నాడు.

"అది చదవకు!"

చదివాడు. పంచదార దగ్గరికి వచ్చేసరికి పడిపోయిన స్టూలు మీదే చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆమె ఆ కాగితం లాక్కుని అతని నెత్తిన కొట్టింది. అప్పుడు గడియారం చూసి ఇద్దరూ పరుగెత్తారు.

*

"వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలి," అంది పెద్దమేడం అతని దరఖాస్తు చేతిలో పట్టుకుని.

అతను నిలబడే రాశాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "వెళ్ళొద్దని ఆమె అడిగింది. నాకూ వెళ్ళాలని లేదు." కాగితం బల్ల మీద పెట్టింది. "సర్వీసులో ఇంత పొట్టి కారణం నేనెప్పుడూ చూడలేదు. సరే. కాని ఇంకోటుంది. పెళ్ళి చేసుకోబోయేవాళ్ళు ఇద్దరూ ఒకే కేసు మీద ఉండకూడదు. అది నిబంధన."

"పెళ్ళా!" అంది కూపీ.

"మరి ఈ పరుగంతా టీ కోసమా? పొద్దున మీ అమ్మగారు ఫోన్ చేశారు. పరదా గుడ్డ మిగిలిందట, మా గదికి కావాలా అని మొదలుపెట్టి, ఆ తడిసిన అబ్బాయి మంచివాడేనా అని అడిగారు. మంచివాడే అన్నాను. ఇప్పుడు చెప్పండి. బ్రెడ్డు కేసు ఎవరు వదిలేస్తారు?"

"నేను," అన్నాడు అతను.

"నేను," అంది ఆమె, అదే క్షణంలో.

పెద్దమేడం కళ్ళజోడు మీదినుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ముందే మాట్లాడుకుని వచ్చారా?"

"లేదు మేడం," అన్నాడు అతను.

"ఇప్పుడు వెళ్ళి మాట్లాడుకుంటాం," అంది ఆమె, అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతూ. "పద నువ్వు!"